సియోల్‌లో డెంటల్ కాన్ఫరెన్స్, కొరియా తిండి: పళ్ళ డాక్టర్ కంటితో చూస్తే

మీరు అడిగింది ఇదీ: ప్రోస్థోలో (కట్టుడు పళ్ళ విభాగం) పీజీ చేస్తున్నారు, సియోల్‌లో జరిగే అంతర్జాతీయ డెంటల్ కాన్ఫరెన్స్‌కి పోస్టర్ ఎంపికైంది, పూర్తి శాకాహారులు. అంత ఖర్చు పెట్టి వెళ్ళడం దండగేమో, వెళ్తే హాల్లోనే కూర్చోవాలా లేక కొరియా కూడా కాస్త చూడొచ్చా, తిండి సంగతేమిటి అని.

వెళ్ళండి. కాకపోతే కాన్ఫరెన్స్ ఒక పని, ఊరు చూడటం ఇంకో పని అని విడదీసి ప్లాన్ వేసుకోకండి. పళ్ళ డాక్టర్లకి కొరియాలో ఆ రెండూ ఒకటే. వాళ్ళు ఏం నములుతారు, తిన్నాక నోటిని ఏం చేస్తారు, ప్రభుత్వం ఏ పంటికి డబ్బు కడుతుంది అన్నది బయట చూసి వస్తే, లోపల స్లైడ్ మీద కనిపించే కేసు ఇంకోలా అర్థమవుతుంది.

నేను వెళ్ళింది 2019 మే నెలలో. ఆ ఏడాది ఏషియా పసిఫిక్ డెంటల్ కాంగ్రెస్‌ని కొరియన్ డెంటల్ అసోసియేషన్ సదస్సుతోనూ, సైడెక్స్ అనే డెంటల్ సామాన్ల ఎగ్జిబిషన్‌తోనూ కలిపి గంగ్నమ్‌లోని కోఎక్స్ కన్వెన్షన్ సెంటర్‌లో పెట్టారు. సైడెక్స్ మామూలుగా మే, జూన్ ప్రాంతంలో ఏటా జరిగేదే. మీ కాన్ఫరెన్స్ కూడా కోఎక్స్‌లోనే అయితే సగం టెన్షన్ తీరినట్టే. మెట్రో రెండో లైన్‌లో సామ్‌సొంగ్ స్టేషన్‌లో దిగితే అండర్‌గ్రౌండ్ మాల్‌లోంచే హాల్‌కి చేరిపోవచ్చు.

ముందుగా లెక్చర్ల గురించి, నిర్మొహమాటంగా. పెద్ద పేర్లున్న ప్రసంగాల్లో చాలావరకు తర్వాత ఎక్కడో ఒకచోట వినడానికి దొరుకుతాయి. ఎగ్జిబిషన్ దొరకదు. ఆస్‌స్టెమ్, డెంటియమ్, వాటెక్ లాంటి కంపెనీల పేర్లు మనకి కొత్త కాదు, మన కాలేజీల్లోనూ క్లినిక్కుల్లోనూ వాళ్ళ సామాన్లు వాడుతున్నాం. కానీ వాళ్ళ సొంత ఊళ్ళో ఆ స్టాల్ ముందు నిలబడటం వేరు. ఇక్కడ మనకి ఒక డ్రిల్ కిట్ చూపించి ఆర్డర్ ఎప్పుడిస్తారని అడుగుతారు. అక్కడ ప్లాస్టిక్ దవడలో మీ చేతే ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించి, టార్క్ (బిగింపు బలం) ఎంత వచ్చిందో చూపించి, ఆ డిజైన్ ఎందుకు మార్చారో చెప్పే మనిషే ఎదురుగా ఉంటాడు. నేను వెళ్ళే సరికి మెడిట్ వాళ్ళ ఐ500 అనే నోటి లోపలి స్కానర్ వచ్చి ఏడాదే అయింది. దాని ముందు క్యూ కట్టి మరీ సొంత పళ్ళు స్కాన్ చేయించుకున్నారు జనం. నా కింది ముందు పళ్ళు ఎంత ఇరుగ్గా ఉన్నాయో పెద్ద తెర మీద, ముక్కూ మొహం తెలియని పాతికమంది మధ్య చూసుకున్నాను. పేషెంట్‌కి ఎలా ఉంటుందో తెలియాలంటే ఒకసారి కూర్చోండి.

ఒక్క జాగ్రత్త. ఎగ్జిబిషన్ డిస్కౌంట్ చూసి ఎక్స్‌రే పరికరం జోలికి మాత్రం పోకండి. ఇక్కడ ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి ఉన్న మోడల్ అయితేనే పనికొస్తుంది, లైసెన్స్ తంతు వేరే ఉంటుంది. అక్కడ నచ్చింది ఫోటో తీసుకుని, ఇండియాలో డీలర్ దగ్గర అడగడం నయం.

ఇక నేను నిజంగా ఆశ్చర్యపోయింది ఏ హాల్లోనూ కాదు, భోజనాల తర్వాత వాష్‌రూమ్‌లో. వాష్‌బేసిన్ల ముందు వరసగా నిలబడి అందరూ బ్రష్ చేసుకుంటున్నారు. మెడలో కాన్ఫరెన్స్ బ్యాడ్జి వీపు వెనక్కి తిప్పుకుని, చిన్న ప్లాస్టిక్ డబ్బాలోంచి బ్రష్షూ పేస్టూ తీసి, ఫోన్ చూసుకుంటూ తీరిగ్గా. డెంటిస్టులు కదా అలాగే ఉంటారులే అనుకున్నాను. తర్వాత మాల్‌లోని టాయిలెట్లలో ఆఫీసు ఉద్యోగులూ అదే పని. వాళ్ళకి చిన్నప్పటి నుంచీ నేర్పే సూత్రం 3-3-3: రోజుకి 3 సార్లు, తిన్న 3 నిమిషాల్లోపు, 3 నిమిషాల పాటు. పుల్లటివీ కూల్‌డ్రింకులూ తాగిన వెంటనే బ్రష్ చేస్తే ఎనామిల్‌కి మంచిది కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి ఆ మధ్య 3 మీద నాకు అభ్యంతరం ఉంది. కానీ మధ్యాహ్నం ఆఫీసులో బ్రష్ చేసుకోవడానికి సిగ్గుపడని దేశాన్ని చూసి కుళ్ళుకున్న మాట నిజం. మన దగ్గర పొద్దున్న ఒక్కసారే, అదీ కాఫీకి ముందు.

ప్రోస్థో వాళ్ళు కనుక ఇంకో సంగతి తప్పకుండా కనుక్కోండి. కొరియాలో జాతీయ ఆరోగ్య బీమా కింద ముసలివాళ్ళకి ఇంప్లాంట్లు వస్తాయి. 2014లో 75 ఏళ్ళు దాటినవాళ్ళతో మొదలుపెట్టి, 2016 నాటికి 65కి దించారు. నేను వెళ్ళిన నాటికి జీవితంలో రెండు ఇంప్లాంట్లు, పేషెంట్ వాటా 30 శాతం. కొన్ని పళ్ళయినా మిగిలి ఉన్నవాళ్ళకే అది. బోసినోటి వాళ్ళకి ఇంప్లాంట్ కాదు, కట్టుడు పళ్ళ సెట్‌కి బీమా. స్కేలింగ్ (పళ్ళ గార తీయడం) కూడా పెద్దవాళ్ళకి ఏడాదికోసారి బీమాలోనే. మన దగ్గర ఇంప్లాంట్ అనగానే కొడుకుని పిలిపించి మాట్లాడతానంటారు పెద్దాయనలు. అక్కడ లెక్చర్లలో డెబ్భై ఏళ్ళవాళ్ళ కేసులు అన్నేసి ఎందుకు చూపిస్తారో దీంతో తెలిసింది. పోస్టర్ దగ్గరికి వచ్చే కొరియా డాక్టర్లని ఇది అడిగితే ఆపకుండా చెబుతారు, ప్రభుత్వం రేట్లు ఎంత తక్కువ కట్టిందో కూడా!

రోడ్డు మీదికి వస్తే, గంగ్నమ్‌లో దాదాపు ప్రతి బిల్డింగుకీ ఒక డెంటల్ క్లినిక్ బోర్డు ఉన్నట్టనిపిస్తుంది. ఆ బోర్డు చదవడం నేర్చుకోండి, ఒక సాయంత్రం చాలు. కొరియా లిపిని సేజోంగ్ రాజు చేయించాడు, 1446లో ప్రజలకి ప్రకటించాడు. దాంతోపాటు వచ్చిన వివరణ గ్రంథంలోనే ఏ అక్షరం ఆకారం ఎక్కడిదో రాశారు. మన అక్షరమాలలో దంత్యాలున్నట్టే వాళ్ళకీ పంటి ధ్వనుల వర్గం ఒకటుంది. రెండు గీతలు పైన కలిసి కిందికి విడిపోయే 'స' అక్షరాన్ని పంటి ఆకారం చూసే గీశారు. దానికే పైన గీతలు చేరిస్తే 'జ', 'ఛ'. డెంటల్ క్లినిక్ బోర్డు మీద మొదటి అక్షరం ఆ 'ఛ'యే. గ్వాంగ్‌హ్వామున్ కూడలిలో సేజోంగ్ విగ్రహం కింద, నేల మాళిగలో ఉచితంగా చూసే ప్రదర్శనశాల ఉంది, ఇదంతా అక్కడ వివరంగా ఉంటుంది. పక్కనే గ్యొంగ్‌బొక్‌గుంగ్ కోట. అది మంగళవారం మూసేస్తారు. వాళ్ళ సంప్రదాయ దుస్తులు హాన్‌బొక్ అద్దెకి తీసుకుని వేసుకుంటే టికెట్ అడగరు.

ఇప్పుడు తిండి. శాకాహారులకి కొరియా కష్టమే, లేదని చెప్పను. మాంసం కనిపిస్తే పక్కన పెట్టొచ్చు, అక్కడ చిక్కంతా కనిపించనివాటితో. వాళ్ళ ఊరగాయ కిమ్చీలో ఉప్పు రొయ్యలో చేపల సాసో కలిపి ఊరేస్తారు. డ్వెంజాంగ్ సోయా ముద్దే, కానీ దాంతో చేసే పులుసుకి నీళ్ళు ఎండు నెత్తళ్ళు మరిగించినవి. కూరలు కలిపిన అన్నం బిబింబాప్‌లో మాంసం వద్దంటే తీసేస్తారు, పైన వేసే గోచుజాంగ్ కారాన్ని కొన్నిచోట్ల గొడ్డుమాంసంతో వేయించి ఉంచుతారు. కాబట్టి 'గోగి ప్పెజుసెయో' (మాంసం తీసేయండి) ఒక్కటీ నేర్చుకుని సరిపెట్టుకోకండి. గుడ్డు, చేప, రొయ్య, నెత్తళ్ళు, ఏ మాంసమూ తినను అని కొరియన్‌లో రాసిన చీటీ ఫోన్‌లో పెట్టుకుని ఆర్డర్ ఇచ్చేముందే చూపించండి. కాన్ఫరెన్స్ లంచ్ ప్యాకెట్ మీద ఆశలు వద్దు.

మీరు నిశ్చింతగా తినగలిగేవీ ఉన్నాయి. కొంగ్‌గుక్సు అని, గోధుమ నూడుల్స్ మీద చల్లటి చిక్కటి సోయా పాలు పోసి ఇస్తారు. ఎండాకాలపు వంటకం, ఉప్పు మనమే వేసుకోవాలి. మొదటి ముద్దకి చప్పగా ఉంటుంది, మూడో ముద్దకి నచ్చుతుంది. హోత్తొక్ అనే తీపి అట్టు లోపల పాకంలా కరిగిన బెల్లపు రంగు చక్కెర ఉంటుంది, నాలుక కాలుతుంది జాగ్రత్త. జోగ్యేసా గుడి దగ్గర బల్వూ గొంగ్యాంగ్ అని బౌద్ధుల గుడి వంట వడ్డించే రెస్టారెంట్ ఉంది. ముందే బుక్ చేసుకోవాలి, ఖరీదెక్కువ. వెల్లుల్లి, ఉల్లి జాతి వాళ్ళకి నిషిద్ధం. వాళ్ళ నిషిద్ధాల జాబితాలో అయిదోది ఇంగువ, కొరియాలో అది పండకపోయినా సరే. ఉల్లి మానేసి ఇంగువ దట్టించే మన వంటవాళ్ళు వింటే ఏమంటారో!

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కి మాత్రం ఆకలితో వెళ్ళండి. అక్కడ బిందెత్తొక్ చేసే అంగళ్ళలో మోటరుతో తిరిగే రాతి తిరగలి ఉంటుంది. నానబెట్టి పొట్టు తీసిన పెసలు గరిటెతో పైన పోస్తుంటే పిండి పక్కనుంచి కారి గిన్నెలో పడుతుంది. అందులో మొలకలు కలిపి, వేలు మందాన పెనం మీద వేసి, నూనెలో ఈదిస్తారు. అంచులు కరకరలాడతాయి, మధ్య మెత్తగా ఉంటుంది. సోయా సాస్‌లో నానిన ఉల్లిపాయ ముక్కలు నంజుకోవాలి. మన పెసరట్టుకి బాగా ఒళ్ళు చేసిన అక్క అనుకోండి. కొన్ని అంగళ్ళలో పంది మాంసం కలుపుతారు, కొన్ని దాని కొవ్వులో వేయిస్తారు. అడిగి తీసుకోండి.

కొరియా డాక్టర్లు భోజనానికి పిలిస్తే తినేది లేకపోయినా వెళ్ళండి. కాన్ఫరెన్స్ అసలు అక్కడే జరుగుతుంది. నన్ను పిలిచిన బృందంలో ఒక పెద్దాయన, భోజనం అయ్యాక ఎండబెట్టి కాల్చిన స్క్విడ్ ముక్క చీల్చి నాకిచ్చి, తనూ ఒకటి నములుతూ, నా వేళ్ళు పట్టుకుని తన దవడ మీద పెట్టించాడు. మాసెటర్ (నమిలే కండరం) రాయిలా ఉంది. మా టీఎమ్‌జే (దవడ కీలు) పేషెంట్లని ఇదే పంపిస్తుంది అని నవ్వాడు. మర్నాడు మెట్రోలో చూస్తే దవడ సన్నబడటానికి బొటాక్స్ ప్రకటనలు! మొహానికి బొటాక్స్ డెంటిస్టులు కూడా చేయొచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2016లో తీర్పు ఇచ్చింది. స్క్విడ్ దగ్గర మొదలైన మాటలు ఆ తీర్పు దాకా, డాక్టర్లకీ డెంటిస్టులకీ మధ్య గొడవ దాకా వెళ్ళాయి. అంత సూటిగా ఏ వేదిక మీదా వినలేదు.

అలాంటి చోట మర్యాదలు కొన్ని ఉన్నాయి. అందరికంటే పెద్దాయన చెంచా ఎత్తాకే మనం మొదలుపెట్టాలి. గ్లాసు నింపినా, విజిటింగ్ కార్డు ఇచ్చినా రెండు చేతులతో. అన్నం గిన్నె బల్ల మీదే ఉంచి తినాలి, చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. స్టీలు చాప్‌స్టిక్స్ జారిపోతాయని భయపడకండి, అన్నం, పులుసు వాళ్ళూ చెంచాతోనే తింటారు. మందు తాగను అంటే బలవంతం చేయలేదు, గ్లాసులో మంచినీళ్ళు పోసుకుని ఎత్తితే సరిపోయింది. టిప్ ఇవ్వక్కర్లేదు.

కోఎక్స్ ఎదురుగా, రోడ్డు దాటగానే బొంగున్‌సా. క్రీ.శ. 794 నాటి శిల్లా రాజుల కాలపు గుడి. నేను వెళ్ళిన ఏడు వాళ్ళ బుద్ధ జయంతి మే 12న, సరిగ్గా సదస్సు ఆఖరి రోజున వచ్చింది. వాళ్ళది నాలుగో చాంద్రమాసం ఎనిమిదో రోజు, మన బుద్ధ పౌర్ణమి ఆ తర్వాత వారం. గుడి ఆవరణంతా నెత్తి మీద కాగితం లాంతర్లు, ప్రతిదానికీ వేలాడే పేరు చీటీ. బ్యాడ్జీలు తీయకుండానే సగం కాన్ఫరెన్స్ అక్కడికి వచ్చేసింది. ఆ రోజున గుళ్ళలో వచ్చినవాళ్ళందరికీ కూరగాయల బిబింబాప్ పెట్టడం ఆనవాయితీ. అడగకుండానే మాంసం లేని భోజనం! మీ తేదీలు ఆ పండగ దగ్గరైతే ఒక రోజు అటూ ఇటూ జరుపుకోండి. కాకపోయినా సెషన్ల మధ్య ఖాళీలో వెళ్ళి రావడానికి దీన్ని మించింది లేదు. పన్‌జొన్ అనే హాలు మీద పేరు పలక చూడండి, కిమ్ జొంగ్‌హి అనే మహా లిపికారుడు 1856లో చనిపోయే ముందు రాసింది.

మిగతావి గబగబా. పోస్టర్ గుడ్డ మీద ప్రింట్ చేయించండి, మడత పెట్టి సూట్‌కేసులో వేసేయొచ్చు, గొట్టం మోసే బాధ ఉండదు. వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు ముందు, పొద్దున్న 9 గంటల సెషన్ అంటే మన ఒంటికి తెల్లవారుజామున 5:30. పోస్టర్ మొదటి రోజే ఉంటే ఒక రోజు ముందు దిగండి. నేను వెళ్ళినప్పుడు గూగుల్ మ్యాప్స్ నడక దారి సరిగ్గా చూపించలేదు, నేవర్ మ్యాప్ వేసుకున్నాను. టీ-మనీ కార్డు ఒకటి కొనుక్కుంటే మెట్రో, బస్సు రెండిటికీ పనికొస్తుంది. కన్వీనియెన్స్ స్టోర్లలో మైక్రోవేవ్‌లో రెండు నిమిషాల్లో వేడెక్కే తెల్లన్నం గిన్నెలు దొరుకుతాయి, కాబట్టి కందిపొడి, కరివేపాకు పొడి, చిన్న నెయ్యి సీసా మాత్రం మర్చిపోకండి. మామిడిపండ్లు పట్టుకెళ్ళకండి, తాజా పండ్లు ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. వీసా మనకి ముందే కావాలి. ఆహ్వాన లేఖ రాగానే అప్లై చేసేయండి, పోస్టర్ డిజైన్ తర్వాత చూసుకోవచ్చు.