ఓమా వంటలతో హోటల్ పెడుతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఇక్కడ జర్మనీలో, ట్యూబింగెన్‌లో హోటల్ పెడుతున్నావని, అందులో మా అత్తగారి, అదే మన ఓమా (జర్మన్‌లో బామ్మ) వంటలే వడ్డిస్తావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఓమా ఉండి ఉంటే ఎంత పొంగిపోయేదో! నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వంటింట్లో పనిచేసే ప్రతివాళ్లకీ ఆరోగ్యశాఖ వాళ్ల శుభ్రత కాగితం ఉండాలి. 14 రకాల అలర్జీ పదార్థాలు ఏ వంటలో ఏవి ఉన్నాయో రాసిపెట్టు. పప్పు, ష్పెట్స్‌లె (గుడ్ల పిండిని పలక మీంచి మరిగే నీళ్లలోకి గీసి చేసే నూడుల్స్) వడ్డించే బల్ల మీద వెనిగర్ సీసా మర్చిపోకు.

బంగాళదుంప సలాడ్ సంగతి మాత్రం శ్రద్ధగా విను. ఎస్‌లింగెన్‌లో మేం హోటల్ తెరిచిన రెండో ఏడాది, ఒక ఆదివారం మధ్యాహ్నానికి నలభై మంది విందు ఒప్పుకున్నాను. పొద్దున్నే హడావిడి ఎందుకని శనివారం రాత్రే దుంపలు ఉడికించి, తొక్క తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారి చక్రాలు కోసి మాంసం రసం పోస్తే ఒక్క చుక్క పీల్చలేదు, అంతా గిన్నె అడుగున నిలిచింది. టెన్షన్‌లో మయొనీజ్ కలిపేశాను. ఉత్తర జర్మనీలో అలా చేసుకుంటారు గానీ, నైరుతి మూలనున్న మన ష్వాబియాలో అది ఎవరూ ముట్టరు.

ఓమా వచ్చి ఒక్క చెంచా రుచి చూసింది. ఏమీ అనలేదు. ఏప్రాన్ కట్టుకుని కొత్త దుంపలు పొయ్యి మీద పెట్టింది. చేతులు కాలుతున్నా వేడిమీదే తొక్క తీసి, పల్చగా కోసి, ఉల్లిపాయ, వెనిగర్, ఆవాల ముద్ద, మరుగుతున్న రసం వేసింది. నూనె చివర్లోనే. ముందే పోస్తే ముక్కకు నూనె పట్టేసి రసం లోపలికి పోదు. కలుపుతుంటే తడితడిగా చప్పుడు రావాలి అంది. విందు అరగంట ఆలస్యమైంది.

మా అమ్మ గారెలు మూకుడులోంచి తీసి వేడివేడిగా పెరుగులో వేసేది, చల్లారితే నానవని. చిన్నప్పటి నుంచీ చూసిన సంగతే కదా, ఆ రోజు నాకెందుకు తట్టలేదా అని రాత్రంతా ఏడ్చాను. ఓమా నా పక్కనే కూర్చుంది. నాకు ఇక్కడ అమ్మ దొరికింది ఆ రాత్రే.

ఇంకో మాట. ఏడు రోజులూ తెరుస్తానన్నావట! బుద్ధుందా నీకు? సోమవారం మూసెయ్యి. ఎనిమిదేళ్లు సెలవు లేకుండా ష్పెట్స్‌లె పిండి గీసి గీసి నా కుడి మణికట్టు ఇవాళ నిండు గ్లాసు పట్టలేకపోతోంది. అప్పు తీరడానికి ఇంకో ఏడాది పట్టనీ. నీ చేతులు నాకు ముఖ్యం, తల్లీ. చిన్నప్పుడు ఆ చేతులతోనే కదా ఓమా పక్కన స్టూలెక్కి మౌల్‌టాషెన్ (కూరి ఉడికించే పిండి పొట్లాలు) అంచులు నొక్కేదానివి.

ఓమా ష్పెట్స్‌లె పలక మీ నాన్నతో పంపుతున్నాను. గీసే ముందు ప్రతిసారీ నీళ్లలో ముంచు, పిండి అంటుకోదు.

మీ అత్త