రోకలి సంగతి పక్కన పెట్టండి, మీరు చూసింది నిజమే

ప్రశ్న: 1980లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మాది నకిరేకల్ దగ్గర పల్లె. ఇంట్లో అందరూ తలుపులేసుకుని కూర్చుంటే మా చిన్నమామ నన్ను దొంగచాటుగా డాబా మీదికి తీసుకెళ్లాడు. నల్లటి సూర్యుడి చుట్టూరా తెల్లటి రేకులు, పైన ఒక పెద్ద చుక్క, నాలుగు దిక్కులా పొద్దుగూకినట్టు ఎర్రదనం... ఇవన్నీ నాకు బాగా గుర్తు. మా వారేమో కలగన్నావంటారు. కింద నాయనమ్మ తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది, అది గ్రహణం విడిచేదాకా పడలేదు. ఇందులో ఏది నిజం? మా మనవరాలికి కూడా చూపించాలని ఉంది.

జవాబు: మీవారికి ఈ పేజీ చూపించండి. అది ఫిబ్రవరి 16, శివరాత్రి వెళ్లాక వచ్చిన అమావాస్య, శనివారం. కర్ణాటక తీరంలో అంకోలా వైపు నుంచి రాయచూరు, నల్గొండ మీదుగా పూరీ, కోణార్క్ దాకా చంద్రుడి నీడ పరిగెత్తింది, మీ ఊరు ఆ దారి మధ్యలోనే ఉంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక మీకు రెండు నిమిషాలకు పైగా చీకటి పడి ఉంటుంది. ఆ చుక్క శుక్రుడు. ఆ రోజుల్లో సాయంత్రంపూట పడమట కనిపిస్తుండేవాడు కాబట్టి సూర్యుడు మూతపడగానే బయటపడ్డాడు. నీడ వెడల్పు వంద కిలోమీటర్ల పైచిలుకే, దాని అవతల ఊళ్లలో ఎండ ఉంది, మీకు అన్ని దిక్కులా ఎర్రగా కనిపించింది ఆ వెలుతురే.

నాకు బాగా నచ్చింది మాత్రం మీరు 'చుట్టూరా' అని రాయడం. సూర్యుడిలో మచ్చలు బాగా ఎక్కువగా ఉన్న కాలం అది, అలాంటప్పుడు కరోనా, అంటే సూర్యుడి చుట్టూ మీరు చూసిన ఆ తెల్లటి వెలుగు, రెండు పక్కలకే సాగకుండా అన్ని వైపులా రేకులు విప్పుకుంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల అది ఊహించి చెప్పలేదు.

రోకలి నిలబడటం కూడా నిజమే, కాకపోతే దానికి గ్రహణంతో పని లేదు. పొన్ను వేసిన అడుగు చదునుగా ఉంటే, ఓపికగా సరిచేస్తే ఏ రోజైనా నిలబడుతుంది. మామూలు రోజుల్లో ఆ పని ఎవరు చేస్తారు, రోకలితో దంచుకుంటారు గానీ!

మీ మీద నాకు కొంచెం అసూయగానే ఉంది. అప్పుడు మేం విజయవాడలో ఉండేవాళ్లం, అక్కడ సంపూర్ణం కాలేదు. పైగా మా అమ్మ గొళ్లెం పెట్టేసింది. వీధిలో కర్ఫ్యూ పెట్టినట్టు అలికిడే లేదు, బొంబాయిలో ఇంగ్లండుతో జరుగుతున్న టెస్టుకే ఆ రోజు విరామం ఇచ్చేశారు మరి. ఏడుపు మొహంతో నేల చూస్తూ కూర్చున్నాను. మాది పెంకుటిల్లు, పెంకుల సందుల్లోంచి ఎప్పుడూ గుండ్రంగా పడే వెలుగు చుక్కలు ఆ వేళ ఒక్కొక్కటే కొరికిన అప్పచ్చిలా తయారయ్యాయి, కాసేపటికి గదినిండా నెలవంకలు. ప్రతి సందూ సూర్యుడి బొమ్మ గీస్తోందని అప్పుడు తెలియదు, అక్క చీర మీద, అన్నం గిన్నె మూత మీద వాటిని లెక్కపెట్టుకుంటూ పోయాను. గ్రహణం చూడకూడదని గదిలో పెట్టి తాళం వేస్తే ఇల్లే చూపించింది.

మనవరాలి విషయానికొస్తే, మన దేశంలో మళ్లీ సంపూర్ణ గ్రహణం 2034 మార్చి 20న, అదీ కశ్మీర్, లడఖ్‌లలో కొన్ని చోట్లే. ఖర్చుకు వెనకాడకపోతే 2027 ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్‌లో ఆరు నిమిషాలకు పైగా ఉంటుంది. సూర్యుడు పూర్తిగా మూతపడిన ఆ కాసేపే మామూలు కళ్లతో చూడొచ్చు, ముందూ వెనకా గ్రహణం కోసం చేసిన అద్దాలు ఉండాల్సిందే. మీ మామయ్య ఎక్స్‌రే ఫిల్మ్ లాంటిదేమైనా దాచి ఉంటే పారేయమనండి, మసి పట్టించిన గాజు కూడా వద్దు. ఈలోగా మీ ఊళ్లో పాక్షిక గ్రహణం వస్తే పాపని వేపచెట్టు కింద కూర్చోబెట్టండి, చెట్టు లేకపోతే వంటింట్లో చిల్లుల గరిటె చేతికిచ్చి నేల మీద నీడ చూడమనండి.