గురువారం మా ఊళ్లో లక్ష్మివారం ఎలా అయింది?

మీరు అడిగినవి రెండు. వారాల పేర్లు దేవుళ్లవా, గ్రహాలవా అన్నది ఒకటి. శ్రీకాకుళంలో మీ అత్తవారింట్లో గురువారాన్ని లక్ష్మివారం అని ఎందుకంటారన్నది రెండోది. నాదీ ఆ జిల్లాయే కాబట్టి రెండో దానితో మొదలుపెడతాను. దాని వల్ల నేనొకసారి అభాసుపాలయ్యాను కూడా.

హైదరాబాదులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇంటి యజమానితో "అద్దె లక్ష్మివారం ఇస్తానండీ" అన్నాను. చెప్పినట్టే గురువారం సాయంత్రం డబ్బు పట్టుకుని వెళ్తే తలుపుకు తాళం. మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చి తలుపు కొట్టారు. లక్ష్మీదేవి వారమంటే శుక్రవారమే కదా అని ఆయన లెక్క. తర్వాత ఆయన దగ్గర బేస్తవారం అనడం నేర్చుకున్నాను. బృహస్పతివారమే వాడుకలో అరిగి బేస్తవారం అయింది. ఈ సంగతి ఫోనులో అమ్మకు నవ్వుతూ చెబితే ఆవిడ నవ్వలేదు. "లక్ష్మివారం పూట ఇంట్లోంచి డబ్బు బయటికి తీశావా?" అని తిట్టింది.

మార్గశిర మాసం వస్తే మా వైపు ప్రతి గురువారం ఇల్లు కడిగి, బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, లక్ష్మీదేవిని పూజిస్తారు. ఆ రోజు తలకు నూనె రాయకూడదు, చిక్కు తీసుకోకూడదు. విశాఖలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి మార్గశిర గురువారాల్లో జనం పోటెత్తుతారు. సరిహద్దు దాటి ఒడిశాలోకి వెళ్లినా అదే నెల, అదే వారం, అదే దేవత. అక్కడ మాణబసా గురుబార అంటారు. వారానికి పేరు గురువుది, పూజ మాత్రం లక్ష్మికి. మా వైపు ఆ పూజే పేరును కూడా తినేసిందని నేననుకుంటాను.

ఇక గురువు అక్కడికి ఎలా వచ్చాడు? ఇది నాకు మా తాతగారు అరుగు మీద కూర్చుని, పంచాంగంలోని హోరల పట్టిక చూపించి చెప్పారు. భూమి నుంచి చూస్తే నెమ్మదిగా కదిలే దానితో మొదలుపెట్టి శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అనే వరుస. రోజుకు 24 హోరలు, ఒక్కో హోరకు ఒక్కో గ్రహం అధిపతి. సూర్యోదయాన మొదటి హోర ఎవరిదైతే ఆ రోజు వారిది. ఆదివారం సూర్యుడితో మొదలుపెట్టి వేళ్ల మీద లెక్కపెట్టండి. 22వ హోర మళ్లీ సూర్యుడిది, 23 శుక్రుడిది, 24 బుధుడిది. 25వది, అంటే మర్నాటి సూర్యోదయం, చంద్రుడిది. అదే సోమవారం. మిగిలినవీ ఇలాగే వస్తాయి. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలో ఈ సూత్రాన్నే ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు.

మా తాతగారు ఇది వేదకాలం నాటిదనే నమ్మేవారు. నేను ఒప్పుకోలేను. వేదాల్లో నక్షత్రాలున్నాయి, పక్షాలున్నాయి, వారాలు లేవు. హోర అన్న మాటే గ్రీకుది. 'అహోరాత్ర'లో మొదటి అక్షరం, చివరి అక్షరం రాలిపోతే హోర అయిందని వరాహమిహిరుడు ఒక వ్యుత్పత్తి చెప్పాడు. వినడానికి బాగుంటుంది, అంతే. రోజును 24 భాగాలు చేయడం ఈజిప్టు అలవాటు, ఒక్కో గ్రహాన్ని ఒక్కో దేవుడిగా చూడడం బాబిలోను వారిది. గ్రీకుల కాలంలో ఇవి కలిసి, అటు రోముకు, ఇటు మనకు చేరాయి. మన దేశంలో వారం పేరు స్పష్టంగా ఉన్న తొలి శాసనాల్లో ఒకటి మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌లో ఉంది. గుప్తరాజు బుధగుప్తుడి కాలం, క్రీ.శ. 484, ఆషాఢ శుద్ధ ద్వాదశి. వారం ఏమిటనుకున్నారు? సురగురువుది, అంటే మన లక్ష్మివారమే!

ఆ ఒక్క గ్రహాన్ని పట్టుకుని తిరిగితే మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. బాబిలోనులో అది మర్దుక్‌ది. రోములో దేవతల రాజు జూపిటర్‌ది. ఉత్తర ఐరోపాలో జూపిటర్ చోట ఉరుముల దేవుడు థోర్ కూర్చున్నాడు. ఇంగ్లీషువాళ్ల థర్స్‌డే అతనిదే. మనకు దేవగురువు బృహస్పతి. గ్రహం కదల్లేదు, ఊరూరా దేవుడు మారాడు.

మిగతా వారాలకు ఇంత కథ లేదు. ఆదివారం అరసవల్లిలో రద్దీ ఎందుకో చెప్పనక్కర్లేదు, వారమూ సూర్యుడిదే, గుడీ సూర్యుడిదే. మంగళవారం మాత్రం చిత్రం. కుజుడి రోజని శుభకార్యాలకు వెనకాడతాం కానీ, విజయనగరంలో పైడితల్లి సిరిమాను జరిగేది దసరా తర్వాత వచ్చే మంగళవారమే.

కాబట్టి మీ అత్తగారి లక్ష్మివారం, మీ గురువారం ఒకటే. ఆ రోజు ఆవిడ ఎదుట పాలవాడికి డబ్బు లెక్కపెట్టకండి.