పదహారు లీటర్ల ట్యాంకు

అల్లుడూ,

మొన్న ఫోన్లో నువ్వన్నది రాత్రంతా ఆలోచించాను. మందు కొట్టే డ్రోను పది లీటర్లది కాకుండా పదహారు లీటర్లది కొంటే ట్యాంకు నింపే తిప్పలు తగ్గుతాయి, రోజుకి నాలుగెకరాలు ఎక్కువ కొట్టొచ్చు అన్నావు. తైవాన్ పంపుకైతే ఆ లెక్క సరిపోద్ది. అక్కడ మోసేది నీ వీపు. ఇక్కడ మోసేది బ్యాటరీ, దాని లెక్క వేరు.

పది లీటర్ల మిషను బ్యాటరీలతో కలిపి 14 కిలోలు అనుకో. ట్యాంకు నిండా పోస్తే 24. బరువు రెట్టింపు కూడా కాలేదు, కానీ దాన్ని గాల్లో నిలబెట్టే కరెంటు రెండింతలు దాటుద్ది. దాని మీదే ఇంకో ఆరు లీటర్లు ఎక్కించావనుకో, బరువు పెరిగేది పావు వంతే, కరెంటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ తాగుద్ది. అందుకే పెద్ద ట్యాంకుకి పెద్ద మోటార్లు, పెద్ద బ్యాటరీలు పెడతారు. వాటి బరువూ అదే మోసుకోవాలి. పైగా ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మొత్తం బరువు 25 కిలోలు దాటితే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం అది స్మాల్ నుంచి మీడియం తరగతిలోకి పోద్ది. నీ పైలట్ సర్టిఫికెట్ ఏ తరగతికి ఇచ్చారో ముందు తీసి చూసుకో.

బ్యాటరీలోనూ ఇదే గొడవ. 16,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుద్దో చెప్పే కొలత) జత తీసి 22,000 జత పెడితే నిల్వ ఉండే కరెంటు మూడో వంతుకి పైగా పెరుగుద్ది. బరువు కూడా కిలో పైచిలుకు పెరుగుద్ది. అంటే 24 దగ్గర ఉన్న మిషను 25 దాటిపోద్ది, ట్యాంకులో ఓ లీటరు తగ్గించుకోవాల్సిందే. నేను రెండూ వాడి చూశాను. నిండు ట్యాంకుతో 16,000 జత పది నిమిషాలు లాగితే గొప్ప, ఎకరం కొట్టడానికి ఆరేడు నిమిషాలు పడుద్ది. ఆ మిగిలిన మూడు నిమిషాలూ నీవి కావని గుర్తుపెట్టుకో.

నేను మర్చిపోయిన రోజు సంగతి మీ అత్తకి తెలుసు, నీకు చెప్పి ఉండదు. రెండో ఏడు, మిరప చేలో. పన్నెండు సెంట్లు మిగిలింది, రిమోటు కుయ్యోమంటోంది. ఇంకొక్క వరసే కదా అని పోనిచ్చాను. బరువు లాగుతుంటే వోల్టేజి మెల్లగా దిగదు, చివర్లో ఒక్కసారిగా జారిపోద్ది. డ్రోను కిందపడి దాని మోటార్లు మోసే చేతులు రెండు విరిగాయి, ఒక మోటారు పోయింది. ఎకరం మందు పది లీటర్లలోనే కలుపుతాం కదా, ట్యాంకు అడుగున ఉన్నది పడ్డచోట మొక్కలన్నీ మాడిపోయాయి. ఆ రైతుకి కట్టింది వేరే. అప్పట్నుంచి బ్యాటరీ లోపలి ఒక్కో సెల్లు 3.6 వోల్టుల దగ్గరికి వస్తే చేను ఎంత మిగిలినా దింపేస్తున్నాను.

మీ డెల్టా మళ్లు చిన్నవి. 70 సెంట్ల మడికి ఏడు లీటర్లే పొయ్యి. మిగిలిన మూడూ ఊరికే మోసి తిరిగి తెచ్చుకోవడం ఎందుకు? డొంక నుంచి మడి 300 మీటర్లుంటే నిండు ట్యాంకుతో అక్కడికి పోవడానికే నిమిషం తినేస్తుంది. కాబట్టి క్యాన్లు గట్టు మీదుగా మోయించి దగ్గర్నుంచే లేపు, కూలి ఖర్చైనా సరే. మడి పొడవు వెంటే నడుపు, ప్రతి మలుపూ బ్రేకు వేసి మళ్లీ ఉరకడమే.

ఇక అసలు డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తా. ట్యాంకు మీద పెట్టేది బ్యాటరీ జతల మీద పెట్టు. కొట్టడం, దింపడం, నీళ్లు పోసి జత మార్చడం అంతా కలిపి ఎకరానికి పన్నెండు నిమిషాలు. దిగిన జత వేడి తగ్గడానికి ఇరవై నిమిషాలు, ఫాస్ట్ చార్జర్ మీద అరగంట. మొదటి జత మళ్లీ చేతికి వచ్చేలోపు ఇంకో నాలుగు కావాలి. మహిళా సంఘాలకి కేంద్రం డ్రోన్లిచ్చే నమో డ్రోన్ దీదీ పథకంలో మిషనుతో వచ్చే సెట్టు కాక ఇంకో నాలుగు సెట్లు ఇచ్చి రోజుకి 20 ఎకరాలు అన్నది ఈ లెక్క మీదే అయ్యుంటుంది. వేడి మీదున్నదాన్ని మాత్రం చార్జింగుకి పెట్టకు. రోహిణి కార్తె ఎండలో అయితే తడిగుడ్డ మీద కాకుండా నీడలో, గాలి తగిలేచోట ఉంచు. జనరేటర్ 3 కేవీఏ అయితే ఫాస్ట్ చార్జింగులో ఒక్క జతనే లాగుద్ది, రెండు పెట్టాలనుకుంటే పెద్దది చూసుకో. ఊళ్లో సాయంత్రం లోవోల్టేజిని నమ్ముకోకు.

జత యాభై వేలు, 250 సార్లు వాడితే అరిగిపోద్ది అనుకుంటే ఎగిరిన ప్రతిసారీ 200 రూపాయలు పోయినట్టే. ఎకరానికి నాలుగొందలు తీసుకుంటుంటే సగం అక్కడే! ఇది రాసుకోకుండా లాభం లెక్కేసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది, మొదటేడు నేనూ అంతే. ఆ 250ని పెంచుకోవడమే నీ చేతిలో పని. ప్రతి జతకీ పెయింటుతో నంబరు వెయ్యి, ఒకదాని బ్యాటరీ ఇంకోదానితో కలపకు. కొత్తదీ పాతదీ కలిస్తే పాతది ముందు దిగి, రెండోదాన్నీ కిందికి లాగుద్ది. సీజన్ అయ్యాక 25.2 వోల్టులకి నింపి బీరువాలో పడెయ్యకు, 23 దగ్గర ఉంచు. ఉబ్బినదాన్ని చూసి జాలిపడకు, ఒక్క ఎకరానికి కూడా వద్దు. చార్జింగు పెట్టే చోట ఇసుక బకెట్టు ఉండాలి, మంచం కింద పెట్టి నిద్రపోయేవాళ్లు మా ఊళ్లో కూడా ఉన్నారు.

దీపావళికి వస్తావు కదా. సెకండ్ హ్యాండ్‌లో చూసిన ఆ మూడు జతలు కూడా తీసుకురా, అడ్వాన్సు మాత్రం ఇవ్వకు. నా దగ్గర బ్యాటరీ లోపలి రెసిస్టెన్సు మిల్లీఓమ్‌లలో చూపించే మీటరుంది, అది ఎక్కువుంటే బ్యాటరీ అరిగినట్టే, సెల్లు సెల్లుకీ చూసి చెప్తాను.

మీ మావయ్య