టెక్ సందేహాలు: ఏం చదువుతున్నారో నలుగురికీ చెప్పాలంటే

ఈమధ్య వస్తున్న ఉత్తరాల్లో పుస్తకాల మాట తరచుగా వినిపిస్తోంది. ఇష్టంగా చదువుకుంటున్న పుస్తకం గురించి స్నేహితులకు చెప్పాలి, వాళ్లు చదువుతున్నవేమిటో తెలుసుకోవాలి, దానికి ఏ యాప్ మంచిదని అడుగుతున్నారు. ఇలాంటి ప్రశ్నలు రావడమే నాకు పెద్ద సంతోషం. అందుకే ఫోన్లు, బ్యాటరీల సంగతి వచ్చేవారానికి వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులిస్తున్నాను.

చదివే పుస్తకాల జాబితా పెట్టుకుని స్నేహితులతో పంచుకునే గుడ్‌రీడ్స్‌లో ఖాతా తెరిచాను. ఇంగ్లిష్ పుస్తకాలు సగం పేరు కొట్టగానే వస్తున్నాయి. నేను చదువుతున్న తెలుగు నవల మాత్రం ఎంత వెతికినా కనిపించడం లేదు. తెలుగు పుస్తకాలు అందులో ఉండవా?
– బ్యాంకు ఉద్యోగిని, విజయవాడ

ఉంటాయి. అయితే చాలాసార్లు ఉన్న పుస్తకమే మన కంటపడదు. ‘కథలు’ అన్న మాటనే తీసుకోండి. ఇంగ్లిష్ లిపిలో దాన్ని కొందరు టీ, హెచ్‌లతో రాస్తే, కొందరు డీ, హెచ్‌లతో రాస్తారు. వెతికే సాఫ్ట్‌వేర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. పోనీ తెలుగు లిపిలోనే వెతుకుదామంటే అక్కడా చిక్కే. ‘పెళ్ళి’ అని ళవత్తు ఇచ్చేవారున్నారు, ‘పెళ్లి’ అని లవత్తు ఇచ్చేవారున్నారు. చదివే మనకు రెండూ ఒకటే. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఆ వత్తుల సంకేతాలు వేరు. ఇవికాక, పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డు చొప్పించే గుర్తు ఒకటుంది. అది తెరమీద కనిపించదు. జాబితాలోని పేరులో ఆ గుర్తు ఉండి మీరు కొట్టినదాంట్లో లేకపోయినా ఫలితం రాకపోవచ్చు.

కాబట్టి పూర్తి పేరు కొట్టకండి. పేరులో వత్తులు లేని మాట ఒక్కటి ఇచ్చి చూడండి, లేదా రచయిత ఇంటిపేరు మాత్రమే ఇవ్వండి. ముందు తెలుగు లిపిలో, దొరక్కపోతే ఇంగ్లిష్ లిపిలో. వెనక అట్ట మీద బార్‌కోడ్ ఉంటే పని ఇంకా సులువు. అక్కడ 978తో మొదలయ్యే 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొడితే పేరుతో పనే లేదు. మన దేశంలో అచ్చయిన పుస్తకాలకు సాధారణంగా 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటుంది. యాప్‌లోని కెమెరా గుర్తు నొక్కి బార్‌కోడ్‌ను స్కాన్ చేసినా సరే.

అసలు ఇబ్బంది ఆ సంఖ్య లేని పుస్తకాలతోనే. ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు. అయినా పాత నవలలకూ, కవులు సొంత ఖర్చుతో వేసుకున్న సంపుటాలకూ అది లేకపోవడం మామూలే. పైగా గుడ్‌రీడ్స్ 2013 నుంచి అమెజాన్ చేతిలో ఉంది. ఆ అమెజాన్ 2016 చివర్లో తన ఈ-పుస్తకాల సేవ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు తెలుగు అందులో లేదు. మన పుస్తకాల వివరాలు వాటంతట అవే వచ్చి చేరతాయని ఎదురుచూడటం దండగ. చదివినవాళ్లమే చేర్చాలి.

గుడ్‌రీడ్స్‌లో ‘లైబ్రేరియన్’ హోదా ఉన్న సభ్యులు ఈ పని చేస్తారు. వారి గ్రూపులో వివరాలిచ్చి అడగవచ్చు. అంతకన్నా నేను సూచించేది ఓపెన్ లైబ్రరీ. ఇది ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ లైబ్రరీ సంస్థ నడిపే ఉచిత పుస్తకాల జాబితా. ఖాతా ఉన్నవారెవరైనా ఇందులో కొత్త పుస్తకం చేర్చవచ్చు. చదవాలనుకున్నవి, చదువుతున్నవి, చదివేసినవి అంటూ మూడు అరలు ఇందులోనూ ఉన్నాయి.

చేర్చేటప్పుడు అట్ట చూసి కాకుండా లోపలి పేజీ చూసి వివరాలు నింపండి. అట్ట మీద లేని ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం అక్కడ దొరుకుతాయి. మీ చేతిలో ఉన్నది మూడో ముద్రణ అయితే ఆ సంవత్సరమే వేయండి, మొదటి ముద్రణది కాదు. పేరు తెలుగు లిపిలో, భాష దగ్గర తెలుగు. రచయిత పేరు దగ్గర మాత్రం తొందరపడకండి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. దాన్ని ఒకరు పూర్తిగా రాస్తారు, ఒకరు పొడి అక్షరాల్లో రాస్తారు, మరొకరు చివరికి తోస్తారు. అలా ఒకే రచయిత ముగ్గురు రచయితలై కూర్చుంటారు, వారి పుస్తకాలు మూడు చోట్లకు చెదిరిపోతాయి. పేరు కొడుతుండగా కింద కనిపించే సూచనల్లో ఆ రచయిత ఉంటే అదే ఎంచుకోండి. ఆ తర్వాత అట్ట ఫొటో వెలుతురులో నిటారుగా తీసి పెట్టండి. అదే నవల కోసం రేపు ఎక్కడో వెతికే మరొకరికి మీరు పెట్టిన పేజీ దొరుకుతుంది.

గుడ్‌రీడ్స్ నుంచి అలాంటిదే అయిన స్టోరీగ్రాఫ్‌కు మారాలనుకుంటున్నాను. ఇన్నేళ్లుగా రాసుకున్న జాబితా పోతుందా?
– సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, డల్లాస్

పోదు. ఫోన్ యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో గుడ్‌రీడ్స్ తెరిచి, ‘మై బుక్స్’ పేజీలో ‘ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్’ నొక్కితే మొత్తం జాబితా సీఎస్‌వీ ఫైలుగా (పట్టికలా తెరుచుకునే మామూలు టెక్స్ట్ ఫైలు) దిగుతుంది. దాన్ని స్టోరీగ్రాఫ్‌లో ఎక్కించండి. ఆ ఫైలును నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా కనిపించవచ్చు. కంగారుపడి అలాగే సేవ్ చేయకండి, చేస్తే అక్షరాలు నిజంగానే పాడవుతాయి. గూగుల్ షీట్స్‌లో తెరవండి, లేదా ఎక్సెల్ ‘డేటా’ మెనూ నుంచి దిగుమతి చేస్తూ యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను సరిగా చూపించే సంకేత పద్ధతి) ఎంచుకోండి. ఎక్కించాక తెలుగు పుస్తకాలను మాత్రం ఒకసారి సరిచూసుకోండి. ఐఎస్‌బీఎన్ లేనివి జత కుదరక మిగిలిపోయే అవకాశం ఉంది. మారినా మారకపోయినా ఏడాదికోసారి ఈ ఫైలు దింపి దగ్గర పెట్టుకోవడం మంచిది.

మా అపార్ట్‌మెంట్‌లో పుస్తకాలు చదివేవాళ్లం పదిహేను మందిమి ఉన్నాం. వాట్సాప్ గ్రూపులో పుస్తకం గురించి ఎవరైనా రాస్తే శుభోదయాల మధ్య కొట్టుకుపోతోంది. పైగా ప్రతివారూ పీడీఎఫ్ పెట్టమంటున్నారు. ఏం చేయాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హైదరాబాద్

మాస్టారూ, పుస్తకాలకు విడిగా గ్రూపు పెట్టండి. పుస్తకం గురించి రాసే ప్రతి సందేశమూ ‘చదువుతున్నాను’ అన్న మాటతో మొదలవ్వాలని నియమం పెట్టుకోండి. గ్రూపులో ఆ మాట వెతికితే ఆరునెలల కిందటిది కూడా వరసలో వస్తుంది. ఈ నియమం రాసిన సందేశాన్ని పైన పిన్ చేయండి. పిన్ గడువు 30 రోజులకు మించదు కాబట్టి నెలనెలా మళ్లీ చేయాలి. అందరూ కలిసి చదివే పుస్తకం ఎంచుకోవడానికి పోల్ వాడండి, 12 పేర్ల దాకా పెట్టవచ్చు.

నచ్చిన నాలుగు వాక్యాలు పంచుకోవాలంటే టైపు చేసే శ్రమ అక్కర్లేదు. పేజీ ఫొటోను గూగుల్ లెన్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా ఇస్తుంది. పాత అచ్చులో వత్తులు తప్పుగా చదువుతుంది, పంపేముందు ఒకసారి దిద్దండి.

పీడీఎఫ్ సంగతి కచ్చితంగా చెబుతాను: పెట్టవద్దు. మన చట్టం ప్రకారం రచయిత జీవించి ఉన్నంతకాలం, మరణించిన మరుసటి సంవత్సరం నుంచి మరో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. సమీక్ష కోసం కొద్ది వాక్యాలు ఉటంకించడం వేరు, పుస్తకం మొత్తం పంచడం వేరు. తెలుగు పుస్తకం వేసేది చాలావరకు చిన్న ప్రచురణకర్తలు, లేదా రచయితలే. గ్రూపులో పది మంది కొంటే వారికి అది లెక్కలోకి వచ్చే అమ్మకం. కాపీరైట్ తీరిన పాత రచనలు కావాలంటే వాటిని ఉచితంగా చదువుకునే వీలున్న తెలుగు వికీసోర్స్ వెబ్‌సైటు లంకె పంపండి. మిగతావాటికి పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, వెల ఎంతో రాయండి. చదివేసిన ప్రతిని ఒక ఫ్లాటు నుంచి మరో ఫ్లాటుకు ఇచ్చుకోవడానికి ఏ అడ్డూ లేదు.

నేను ఏం చదువుతున్నానో లోకమంతటికీ తెలియడం ఇష్టం లేదు. మా ఇద్దరు చెల్లెళ్లకు మాత్రమే చెప్పాలి.
– గృహిణి, కర్నూలు

మీ ఇష్టం చాలా న్యాయమైనది. గుడ్‌రీడ్స్‌లో ప్రొఫైల్‌ను స్నేహితులకే పరిమితం చేయవచ్చు గానీ, మీరు రాసిన సమీక్ష ఆ పుస్తకం పేజీలో ఇతరులకూ కనిపించవచ్చు. ఒక్క పుస్తకాన్ని మాత్రం దాచుకునే వీలు అక్కడ లేదు. వాట్సాప్ స్టేటస్‌ను ఇద్దరికే చూపించవచ్చు, కానీ 24 గంటల్లో పోతుంది.

ముగ్గురికీ గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్ చాలు. ఒక నోట్ తెరిచి, ‘కొలాబరేటర్’ దగ్గర చెల్లెళ్ల ఈమెయిల్ చిరునామాలు చేర్చండి. ఎవరు రాసినా ముగ్గురి ఫోన్లలోనూ కనిపిస్తుంది. టైపు చేయడం కష్టమైతే గూగుల్ వారి కీబోర్డు జీబోర్డులో తెలుగు భాష చేర్చుకుని, మైకు గుర్తు నొక్కి మాట్లాడండి. పుస్తకం పేరు, ఎన్నో పేజీలో ఉన్నారు, ఏం నచ్చింది అన్నవి చెబితే తెలుగులో రాసిపెడుతుంది. కథ మలుపులు మాత్రం చెల్లెళ్లు ఆ పేజీకి వచ్చేదాకా రాయకండి.