ఒంటి చక్రానికి నలుగురు తోడు

మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: విజయనగరం కంటోన్మెంటులో ఉంటాను. డిగ్రీ అయిపోయింది. 20 అంగుళాల యూనిసైకిల్ (ఒంటి చక్రం సైకిల్) తెప్పించుకుని, వీడియోలు చూస్తూ సొంతంగా నేర్చుకున్నాను. ఓ 40 మీటర్లు పోతాను, ఆపైన దిగిపోవాల్సిందే. నెలల తరబడి అక్కడే ఆగిపోయాను. ఊళ్లో ఇది తొక్కేవాళ్లు ఇంకెవరూ కనబడలేదు. ‘సర్కస్‌లో చేరతావేటి?’ అని నవ్వేవాళ్లు మాత్రం వీధికొకరున్నారు. పట్టుదలగా సాధన చేసే బృందం ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరు వెళ్లిపోవాలా?

జవాబు: రైలు టికెట్టు కొనేముందు ఆ 40 మీటర్ల సంగతి తేల్చుకోండి. ఆగేసరికి తొడలు వణుకుతున్నాయా? అయితే మీ బరువు సీటు మీద లేదు, పెడళ్ల మీద ఉంది. పేరుకి కూర్చున్నా నిలబడి తొక్కుతున్నట్టే లెక్క. ఎవరైనా అలా ఎంతోదూరం పోలేరు.

ముందు సీటు ఎత్తు చూడండి. గోడ పట్టుకుని ఎక్కి, మడమని కింది పెడల్ మీద ఆనిస్తే కాలు తిన్నగా సాగాలి. మోకాలు ఇంకా వంగే ఉంటే సీటు ఒక్కో సెంటీమీటరు చొప్పున పైకి జరుపుకుంటూ పోండి. పడతామన్న భయంతో కొత్తవాళ్లంతా సీటు దించేసుకుంటారు. దాంతో తొడలకి పని రెట్టింపవుతుంది. తర్వాత గాలి. ఎంత కొట్టాలో టైరు పక్కన పీఎస్‌ఐలో అచ్చువేసి ఉంటుంది. సిమెంటు నేల మీద తొక్కేటప్పుడు ఆ పై అంకెకి దగ్గరగా కొట్టించండి. గాలి చాలకపోతే చక్రం నేలకి అతుక్కుపోయి మలుపు తిరగదు, ప్రతిసారీ నడుము మెలిపెట్టాల్సి వస్తుంది. చూపు కూడా ముఖ్యమే. చక్రం వంక చూస్తే నడుం వంగుతుంది, నడుం వంగితే బరువు మళ్లీ కాళ్ల మీదికే దిగుతుంది. 10, 15 మీటర్ల అవతల ఏదో ఒక గుర్తు పెట్టుకుని దాన్నే చూడండి. ఒక పెడల్ నిట్టనిలువుగా పైకీ, రెండోది కిందికీ వచ్చినచోట కాలి బలం పనిచేయదు. చక్రం అక్కడ తన వేగంతో తనే దాటాలి. అందుకే భయపడి నెమ్మదించేవాళ్లే ఎక్కువ పడతారు.

ఇక బృందం. మీలాంటివాళ్లు పాతికమంది ఎక్కడో కలిసి తొక్కుతూ మీకోసం చూస్తున్నారనుకోవద్దు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. మీ నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ పేరు చెబితే వెయిట్‌లిఫ్టర్లే గుర్తొస్తారు. ఇవేమీ మహానగరాలు కావు. సాధనకి ఒక చోటు, తప్పని ఒక వేళ, పక్కన నిలబడి తప్పు చెప్పే మనిషి, ఈ మూడూ కుదిరితే ఊరి సైజుతో పనిలేదు. యూనిసైకిల్‌కీ ఇదే వర్తిస్తుంది.

మొదలుపెట్టడానికి ముగ్గురు చాలు. ఒకరు ఎక్కుతారు, ఒకరు పక్కన నడుస్తారు, ఒకరు ఫోన్‌లో తీస్తారు. ఈ మూడో మనిషి లేకే మీరు ఆగిపోయారు. తన నడుము వంగిందో లేదో తొక్కేవాడికి తెలియదు. వీడియో పక్కనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి తీయించండి. పక్కనుంచి తీసినదాంట్లో తల, తుంటి, చక్రం ఇరుసు ఒకే నిలువు గీతలో ఉన్నాయా చూడాలి. వెనకనుంచి తీసినదాంట్లో భుజాలు ఒకవైపు ఒరిగాయా, సీటు అటూ ఇటూ ఊగుతోందా చూడాలి.

ఆ మిగతా ఇద్దరిని స్కేటింగ్ నేర్చుకునేవాళ్లలో, ఆదివారం పొద్దున్నే గుంపుగా సైకిళ్లేసుకుని బయల్దేరేవాళ్లలో వెతకండి. కర్రసాము, గరిడీ నేర్చినవాళ్లు, తప్పెటగుళ్లలో మనిషి మీద మనిషి నిలబడేవాళ్లు ఇంకా మంచిది. పడటం తెలిసినవాళ్లు వాళ్లు, వంతు వచ్చేదాకా ఆగడమూ తెలుసు. చుట్టూ ఇనుప కడ్డీ ఉన్న స్కేటింగ్ రింకు దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. లేకపోతే జాలీ కంచె ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టు అంచు, సెలవురోజున బడి వరండా. అనుమతి అడిగేటప్పుడే నేల పాడవదని చెప్పండి, చెప్పినట్టు చేసి చూపించండి. పెడల్ అంచులకి పాత ట్యూబు ముక్క చుట్టి, సీటు ముందూ వెనకా టేపు వేస్తే పడ్డప్పుడు గీతలు పడవు. చెక్కనేల షటిల్ కోర్టు జోలికి మాత్రం పోకండి.

చేతిలో డబ్బులు ఆడితే ఖరీదైన రెండో చక్రం కొనుక్కోకుండా మామూలు 20 అంగుళాలదే ఇంకొకటి కొనండి. వచ్చినవాళ్లని ఎక్కించడానికి. చూసి ఆశ్చర్యపోయినవాడు ఆ సాయంత్రమే సీటు మీద కూర్చోకపోతే మళ్లీ రాడు. పానా లేకుండా చేత్తో విప్పే సీటు బిగింపు, పొడుగుదొకటి పొట్టిదొకటి సీటు గొట్టాలు ఉంటే పదేళ్ల పిల్లాడినీ ఆరడుగులవాడినీ ఒకే సైకిల్ మీద ఎక్కించొచ్చు. గొట్టాలు కొనేముందు లావు కొలవండి. 25.4 మిల్లీమీటర్లకీ 27.2కీ చూపుకి తేడా తెలియదు, బిగించేటప్పుడు తెలుస్తుంది.

సాధన గట్టిదా, కాలక్షేపమా అన్నది తేల్చే కొలత ఒకటి ఉంది. అంతర్జాతీయ యూనిసైక్లింగ్ సమాఖ్య 10 మెట్ల నైపుణ్య పట్టిక తయారుచేసింది. ఏ ఆసరా లేకుండా ఎక్కి, 50 మీటర్లు తొక్కి, సైకిల్‌ని పట్టుకుని పద్ధతిగా దిగడం మొదటి మెట్టులోని సంగతులు. అంటే మీరు ఇంకో పది మీటర్ల దూరంలో ఉన్నారు. ఆపైన రెండు కాళ్లతోనూ ఎక్కడం, 8 ఆకారంలో తిరగడం, గెంతడం, ఉన్నచోటే ముందుకీ వెనక్కీ ఊగుతూ నిలవడం, వెనక్కి తొక్కడం, ఒంటికాలితో తొక్కడం వరసగా వస్తాయి. పట్టిక అచ్చుతీసి గోడకి అంటించండి. పక్కవాడు చూసి ఒప్పుకుంటేనే టిక్కు. ‘నిన్న ఇంట్లో వచ్చింది’ అంటే చెల్లదు.

వారానికి ఐదు రోజులు, రోజుకి 40 నిమిషాలు సరిపోతుంది. ఎండ ముదరకముందు, ఆరు గంటలకల్లా మొదలవ్వాలి. ఒకే విద్య మీద 15 నిమిషాలకి మించి కూర్చోవద్దు. కాళ్లు అలిశాక చేసేదంతా తప్పుని వంటబట్టించుకోవడమే. ఆదివారం మూడు గంటలు తొక్కి ఆరు రోజులు గోడకి ఆనించేసేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు.

బెంగళూరు, హైదరాబాదు వెళ్లొద్దనడం లేదు. అక్కడ తొక్కేవాళ్ల పరిచయం దొరికితే, మీకు రాని మూడు విషయాలు కాగితం మీద రాసుకుని రెండు రోజులకి వెళ్లి అవి సరిచేయించుకుని రండి. ఇక సర్కస్ అంటారా, కోడి రామ్మూర్తి నాయుడు సొంతంగా సర్కస్ నడిపినవారు. మన జిల్లాల్లో ఆ మాటని తిట్టు కింద తీసుకోనక్కర్లేదు.

ప్రశ్న: గోడ పట్టుకుంటే ఎక్కగలను, వదిలితే ఎక్కలేను. కాలు వెయ్యగానే చక్రం వెనక్కి తన్నుకొచ్చి మోకాలి కింద పెడల్ కొడుతోంది. – బొబ్బిలి

జవాబు: మొదట వేసిన కాలితో కిందికి తొక్కుతున్నారు, అందుకే తన్నుతోంది. సీటుని కాళ్లమధ్య ఇరికించి, మీవైపు ఉన్న పెడల్ గడియారంలో నాలుగు అంకె చోట ఉండేలా నిలబెట్టండి (ఎడమపక్కనుంచి చూసినప్పుడు సైకిల్ ముందువైపు ఎడమకి ఉండాలి). ఆ పెడల్ మీద పాదం పెట్టాలంతే, బరువు వెయ్యకూడదు. నేల మీది కాలితో మెట్టు ఎక్కినట్టు పైకి లేచి, రెండో పెడల్ అందుకోవాలి. ఆ లేవడంలో చక్రం కాస్త ముందుకి దొర్లి పెడళ్లు నేలకి సమాంతరంగా వస్తాయి. అక్కడినుంచి ముందుకి తొక్కేయండి.

అలవాటయ్యేదాకా చక్రం వెనక ఓ చిన్న రాయిగానీ ఇటుకముక్కగానీ అడ్డం పెట్టండి. వెనక్కి దొర్లదు, భయం పోతుంది. తర్వాత పలచటి చెక్కకి మారి, ఆపైన అదీ తీసేయండి. ముళ్ల పెడళ్లుంటే ఈ దశలో ప్లాస్టిక్‌వి వేయించండి, పిక్కలు బతుకుతాయి.

ప్రశ్న: ఎడమ పెడల్ మాటిమాటికీ లూజవుతోంది. సైకిల్ షాపులో రెండుసార్లు బిగించారు, వారం తిరక్కుండా మళ్లీ ఊడుతోంది. క్రాంకు (పెడల్‌ని ఇరుసుకి కలిపే కడ్డీ) దగ్గర టక్ టక్‌మని శబ్దం కూడా. – పలాస

జవాబు: తొక్కడం ఆపండి. ఇంకో నాలుగు రోజులు తొక్కితే క్రాంకే పోతుంది.

మీ చక్రం తిరగబడి ఉండొచ్చు. మామూలు సైకిల్‌కి గొలుసుంటుంది కాబట్టి ఏది కుడో ఏది ఎడమో షాపువాళ్లకి ఇట్టే తెలుస్తుంది. యూనిసైకిల్‌కి ఆ ఆనవాలు లేదు. పంక్చర్ వేసి చక్రం తిప్పి పెట్టినా, సీటు వెనకది ముందుకి బిగించినా చూపుకి ఒకేలా ఉంటుంది. కానీ ఎడమ పెడల్ మరలు ఎదురు తిరుగుడువి, తొక్కేకొద్దీ ఊడకుండా ఉండటానికే అలా పెడతారు. ఎడమ క్రాంకు కుడివైపుకి వచ్చిందంటే తొక్కేకొద్దీ రెండు పెడళ్లూ వదులవుతూ వస్తాయి. పెడల్ ఇరుసు చివరో, క్రాంకు లోపలివైపో ఎల్, ఆర్ అక్షరాలుంటాయి. సీటు ముందుభాగం ఎటుందో చూసుకుని, ఎల్ మీ ఎడమకాలి కిందే ఉందా చూడండి.

సరిగానే ఉంటే పెడల్ విప్పి మరలు గుడ్డతో తుడిచి చూడండి. పదునుగా ఉంటే కాస్త గ్రీజు రాసి, మొదటి నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కించాలి. చేత్తో ఎక్కలేదంటే వంకరగా పోతోందన్నమాట, బలవంతపెట్టకండి. తర్వాత 15 నంబరు పానాతో బిగించాలి, ఎడమది గడియారానికి వ్యతిరేక దిశలో. అల్యూమినియం క్రాంకులో మరలు అరిగిపోయి ఉంటే బిగింపు నిలవదు, జత మార్చాల్సిందే. రెండువైపులా ఒకే పొడుగు ఉండాలి.

టక్ టక్ శబ్దం క్రాంకు ఇరుసు మీద కదులుతోందని చెబుతోంది. దాని నడుమ ఉన్న బోల్టుని గట్టిగా బిగించండి. కొత్త సైకిల్‌కి మొదటి అరగంట తొక్కాక ఒకసారి, మర్నాడు ఒకసారి తప్పకుండా బిగించాలి. ఇరుసు నలుచదరంగా ఉంటుంది. వదులుగా తొక్కితే క్రాంకులోని చదరపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది, ఆపైన ఏ బిగింపూ పనిచేయదు. సుత్తితో కొట్టనివ్వకండి, ఆ దెబ్బ నేరుగా బేరింగులకి తగులుతుంది. బేరింగుల కింది రెండు బోల్టులు మాత్రం ఇందుకు వ్యతిరేకం, వాటిని అతిగా బిగిస్తే చక్రం స్వేచ్ఛగా తిరగదు. చేత్తో తిప్పితే చాలాసేపు తిరిగి నెమ్మదిగా ఆగాలి.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, శ్రీకాకుళంలో స్కేటింగ్ నేర్చుకుంటోంది. ఇప్పుడు ఇది కావాలంటోంది. మరీ చిన్నపిల్ల కదా, ఏ సైజు కొనాలి?

జవాబు: చిన్నపిల్ల కావడం మంచిదే. జపాన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలే బడి ఆవరణలో తొక్కుతారు. వయసుని బట్టి కాకుండా కాలి లోపలి కొలత బట్టి కొనండి. బూట్లతో గోడకి ఆనించి నిలబెట్టి, తొడల మధ్యనుంచి నేలకి కొలవండి. 65 సెంటీమీటర్లకి అటూ ఇటూ ఉంటే 20 అంగుళాలది సరిపోతుంది, బాగా తక్కువైతే 16. ఎదిగాక పనికొస్తుందని పెద్దది కొంటే ఇప్పుడు నేర్చుకోదు.

స్కేటింగ్‌కి కొన్న హెల్మెట్టు, మోకాలి కవచాలు, మణికట్టు పట్టీలు ఇక్కడా అవే. పిక్కల ముందు కట్టుకునే గార్డు ఒక్కటి అదనం. చెప్పులు కూడదు, బూట్ల లేసులు లోపలికి దోపాలి, చున్నీ పూర్తిగా వద్దు. ఆమె ఇరువైపులా ఇద్దరు నిలబడి అరచేతులు అందించండి. ఆమె మీ చేతుల మీద ఆనాలి, మీరు ఆమెని పట్టుకోకూడదు. పట్టుకుంటే వదిలించుకుని దూకలేదు, సైకిల్‌తో పాటే పడుతుంది. పడేటప్పుడు సైకిల్‌ని వదిలేసి కాళ్ల మీద దిగమని మొదటిరోజే చెప్పండి.

ప్రశ్న: 20 అంగుళాల సైకిల్ మీద శ్రీకాకుళం నుంచి కళింగపట్నం సముద్రం దాకా పోవచ్చా?

జవాబు: పోవచ్చు, కానీ విసుగొస్తుంది. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకి 1.6 మీటర్లే కదులుతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కినా గంటకి ఏడున్నర కిలోమీటర్లే. 36 అంగుళాల చక్రమైతే అదే 80 చుట్లకి 14 కిలోమీటర్ల దాకా వస్తుంది. 2015–18 మధ్య ప్రపంచం చుట్టొచ్చిన ఎడ్ ప్రాట్ తొక్కింది 36 అంగుళాలదే. మధ్యేమార్గంగా 29 అంగుళాలది ఉంది, గంటకి 11 వరకూ పోతుంది, బండిలో పెట్టుకోవడం తేలిక. పందేల మీద కన్నుంటే మాత్రం 24 అంగుళాలది కొనండి. అంతర్జాతీయ ట్రాక్ పోటీల్లో పెద్దవాళ్ల ప్రధాన తరగతికి టైరు బయటి వ్యాసం 618 మిల్లీమీటర్లు మించకూడదు, క్రాంకు 125 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. దూరం పోయేటప్పుడు సైక్లింగ్ నిక్కరు వేసుకోండి, ప్రతి 20 నిమిషాలకి దిగి ఓ నిమిషం నడవండి, లేకపోతే సీటు తగిలేచోట చర్మం ఒరుసుకుపోతుంది. ఒక్క క్షణం కూడా పెడల్ ఆపడానికి లేని బండి ఇది. పల్లం వచ్చినా కాళ్లతో ఆపుకుంటూ దిగాల్సిందే. లారీలు పోయే దారిలో తెల్లారకముందు బయల్దేరవద్దు, వెనక ఎర్రలైటు ఉంటే తప్ప.