పోకర్‌లో స్ట్రెయిట్ పెద్దదా, ఫ్లష్ పెద్దదా?
పోకర్‌లో ఫ్లషే పెద్దది, స్ట్రెయిట్ దాని కిందే. ఐదు ముక్కల్లో ఏ కలయిక ఎంత అరుదుగా పడుతుందో దాని స్థానం అంత పైన ఉంటుంది, ముక్కల అంకెలతో పనిలేదు. 52 ముక్కల్లోంచి ఐదు 25,98,960 రకాలుగా రావచ్చు. అందులో స్ట్రెయిట్‌లు, అంటే వరస కుదిరేవి, 10,200. ఒకే గుర్తు మీద పడే ఫ్లష్‌లు 5,108 మాత్రమే. ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు ఉండే ఫుల్ హౌస్ ఇంకా తక్కువ, 3,744.

మీకు ఆఠీన్‌లో 2, 5, 7, 9, జాకీ పడ్డాయనుకోండి. ఎదుటివారు వేర్వేరు గుర్తుల్లో 10, జాకీ, రాణి, రాజు, ఆసు చూపించినా ఆట మీదే.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది మూడు ముక్కల ఆట తీన్ పత్తీ అలవాటు వల్ల. అక్కడ సీక్వెన్స్ (అంటే వరస) కలర్‌ను (అంటే ఒకే గుర్తు) కొడుతుంది కదా, ఇక్కడా అంతేననుకుంటారు. కానీ మూడు ముక్కలకు లెక్క తిరగబడుతుంది: మొత్తం 22,100లో కలర్‌లు 1,096, సీక్వెన్స్‌లు 720. అరుదైనదే అక్కడా గెలుస్తోంది. ఇస్పేటు ఫ్లష్ ఆఠీన్ ఫ్లష్‌ను కొడుతుందన్నదీ అపోహే. పోకర్‌లో గుర్తులకు హెచ్చుతగ్గులు లేవు. పెద్ద ముక్క ఎవరిదో చూస్తారు, అన్నీ సమానమైతే డబ్బు చెరిసగం.